మీ ఇష్టమండి

కొత్తపేట,
జూలై 8, 2024.

ప్రియమైన అత్తయ్యగారికి,

మీ మేనకోడలు క్రిస్టీనా వందనాలు. మీ చెవి మిషను మళ్ళీ పాడైందనీ, ఫోనులో నేనేం చెప్పినా ఈల వేసినట్టే ఉంటోందని విసుక్కున్నారనీ మీ వృద్ధాశ్రమం వాళ్ళు చెప్పారు. ఇకమీదట ఉత్తరాలే రాస్తాను. పాఠాలు చెప్పే రోజుల్లోలాగా ఎర్రసిరాతో దిద్ది వెనక్కి పంపకండి, అంతే చాలు.

మా ఇంటికి ఇద్దరు ఆడపిల్లలు వచ్చారు. శ్యామ్ బాబుగారూ నేనూ దరఖాస్తు పెట్టుకున్నాం గదా, పిల్లల కమిటీ వాళ్ళు ఇప్పటికి అప్పజెప్పారు. దత్తత కాదు. తండ్రి కేసు తేలేదాకానో, వీళ్ళు పెద్దయ్యేదాకానో మా దగ్గర పెరుగుతారు. పెద్దది సలోమి, పదమూడేళ్ళు. చిన్నది రూతు, ఆరేళ్ళు. ఐ.పోలవరం వైపు రొయ్యల చెరువుల మీద కాపలా ఉండే కుటుంబం. తండ్రి పేరు వీర్రాజు. పోయిన ఈస్టరుకి ముందు, శ్రమల దినాల్లో వాడు చెరువుగట్టు పాకలో భార్యని ఇనప పైపుతో తల మీద కొట్టి చంపేశాడు. ఇద్దరు పిల్లల కళ్ళ ముందే. ‘కదిలేరంటే మీకూ ఇంతే’ అని చెప్పి పోయాడట. ఎవరో వచ్చి చూసేదాకా పిల్లలు తల్లి రక్తంలో గోడవార అలాగే కూర్చున్నారు. తలుపు బార్లా తీసి ఉంది అత్తయ్యగారూ. గట్టు దాటితే పక్క చెరువు వాళ్ళ పాక.

వాడిప్పుడు జైల్లో ఉన్నాడు. పిల్లలు మా దగ్గర ఉన్నారు గానీ, సలోమి ఇంకా ఆ పాకలోనే ఉన్నట్టుంది. మొన్న నా చేతిలోంచి గరిటె జారి గచ్చు మీద మోగింది. అంతే, ఆ పిల్ల పరుగున వచ్చి నా కాళ్ళ దగ్గర బోర్లా పడుకుని, గౌను వెనక అంచు పట్టుకుని పైకి లాక్కుంది. వీపంతా పాత వాతలు. కొట్టడానికి నాకు వీలుగా ఉండాలని అలా పడుకుంది.

నిన్నటి సంగతి రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. గంజి వార్చి, ఒక్క నిమిషం పట్టుకోమని గిన్నె దాని చేతికిచ్చాను. గుమ్మంలో ఎవరో పిలిస్తే వెళ్ళి మాటల్లో పడ్డాను. మసిగుడ్డ జారిపోయింది. తిరిగొచ్చేసరికి ఒట్టి చేతులతో కాలే గిన్నె పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. కళ్ళు ధారలు కడుతున్నాయి, నోట్లోంచి చప్పుడు లేదు. అరచేతుల తోలు గిన్నెకి అంటుకుపోయింది. దింపెయ్యొచ్చు గదమ్మా అని నేను ఏడిస్తే, ‘మీరు దింపమన్లేదండి’ అంది.

పిల్లల్ని దేవుడి ప్రేమలో పెంచుతానని సంఘం ముందు మాటిచ్చాను. ఈ పిల్లకి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. రాత్రీపగలూ ప్రార్థన చేస్తున్నాను. మీరు ముప్పై ఏళ్ళు ఆడపిల్లల బోర్డింగు నడిపిన మనిషి. ఏం చెయ్యమంటారో రాయండి.

మీ
క్రిస్టీనా

అమలాపురం,
జూలై 15.

క్రిస్టీనాకి,

ముందు డాక్టరు దగ్గరికి తీసికెళ్ళావా, నాకు ఉత్తరం రాశావా? తేనె పూసి ప్రార్థన చేశానని రాశావో, బస్సెక్కి వచ్చి చెవి మెలేస్తాను. నా చెవులు పోయాయి గానీ నీ చెవి బాగానే ఉందిగా.

ఆ పిల్లకి బుద్ధిమాంద్యం అని ఎవరైనా అంటే నమ్మకు. అది చాలా తెలివైంది. ఏడిస్తే కొట్టాడు, ఏడవకపోతే కొట్టాడు, పరిగెడితే జుట్టు పట్టి లాక్కొచ్చి మరీ కొట్టాడు. ఏం చేసినా దెబ్బ తప్పదని తేలిపోయాక, ఏమీ చెయ్యకుండా ఉండటం ఒక్కటే మిగిలింది. దాన్ని చూసి నువ్వు జాలిపడి, అన్నీ నువ్వే చేసిపెట్టి, అన్నీ నువ్వే చెప్పావంటే వీర్రాజు పని నువ్వు మెత్తగా చేస్తున్నట్టు లెక్క.

నా నుదుటి మీది మచ్చ చూశావు గదా, బావి దగ్గర జారిపడ్డానని మీ నాన్నకి చెప్పాను. నేను జారలేదు. బోర్డింగులో దీనమ్మ అని ఒక పిల్ల ఉండేది. మారుతండ్రి దాని చెయ్యి రెండుసార్లు విరిచాడు. ఏమడిగినా ‘ఆయ్’ అనేది, ఏం పెట్టినా తినేది, ఎవరు మొట్టినా తల వంచేది. ఏడాది పాటు దాని వెనక పడ్డాను, నీకేం కావాలో నువ్వు చెప్పమని. ఒకరోజు ఉప్మా ఇంకొంచెం వెయ్యబోతే ఇత్తడి గ్లాసు తీసి నా మొహం మీదికి విసిరింది. రక్తం జాకెట్టంతా కారింది. పిల్లలు గోలగోల. నేను కట్టు కట్టించుకుని, ఆత్రేయపురం మనిషిని పంపి పూతరేకులు తెప్పించి బోర్డింగంతా పంచాను. పాస్టరుగారు నాకు మతి పోయిందనుకున్నారు. నాకు అంత సంతోషం జీవితంలో మళ్ళీ కలగలేదు.

దానికి ‘వద్దు’ అనడం నేర్పు. అది వద్దంటే ఆ ఇంట్లో ఆగిపోవాలి. కూరైనా, జడైనా, ప్రార్థనైనా. చివరిది నీకు కష్టమని నాకు తెలుసు. అయినా ఆగు. బలవంతాన మోకాళ్ళ మీద కూర్చోబెట్టిన పిల్ల దేవుడి ముందు కూర్చోదు, నీ ముందు కూర్చుంటుంది.

అత్తయ్య
సూరమ్మ

కొత్తపేట,
సెప్టెంబరు 16.

ప్రియమైన అత్తయ్యగారికి,

చేతులు మానాయి. డాక్టరు దగ్గరికి ఆ రోజే తీసికెళ్ళాను, నన్ను అంత వెర్రిదాన్ని అనుకోకండి.

మీరు చెప్పినట్టే చేస్తున్నాను. మొదటి నెలంతా ఏ కూర వండమంటావంటే ‘మీ ఇష్టమండి’, ఏ గౌను వేసుకుంటావంటే ‘మీ ఇష్టమండి’. ఒకరోజు కాకరకాయ తరుగుతుంటే గోడవైపు చూస్తూ ‘వద్దండి’ అంది. అనేసి, దెబ్బ కోసం కళ్ళు మూసుకుంది. నేను ముక్కలన్నీ తీసికెళ్ళి దొడ్లో పారబోశాను. కళ్ళు తెరిచి ఆ ముక్కల్ని చూసింది, నన్ను చూసింది. తర్వాత ఒక్కొక్కటే మొదలైంది. తలకి నూనె వద్దంది. దుప్పటి వద్దంది. శ్యామ్ బాబుగారు క్రికెట్టు చూస్తుంటే ఆ అరుపులు వద్దండి అంది. పాపం, ఆఖరి ఓవరు. కలెక్టరు చెప్పినా వినని మా హెడ్మాస్టరుగారు లేచి టీవీ కట్టేసి, బయటికి పోయి పక్కింటి బుజ్జిబాబు గారి కిటికీలోంచి చూసి వచ్చారు. రూతుకైతే ఇదొక ఆట. రోజుకి వంద వద్దులు చెబుతోంది, అందరం ఆగుతున్నాం.

ఆదివారం సాయంత్రాలు సలోమీ నేనూ ఇద్దరమే కూర్చుంటున్నాం. కంఠత వాక్యాలు మానేశాం. ఏళ్ళ తరబడి కోనేటి గట్టున పడున్న రోగిని ప్రభువు, నీకు బాగవ్వాలని ఉందా అని అడిగిన కథ చెప్పాను. ‘ముందు అడిగేరాండీ? లేపెయ్యకుండా?’ అంది. అడిగాడన్నాను. ‘అయితే ఆయన మంచోరేనండి’ అంది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ఇదంతా ఇంట్లోనే. బళ్ళో ఒక పిల్ల లెక్కల పీరియడంతా కంపాసు ముల్లుతో దీని చేతిలో పొడుస్తూ కూర్చుందట. ఇది చెయ్యి పక్కకి కూడా జరుపుకోలేదు. రక్తం గౌను చేతికి అట్టకట్టింది. ఎవరైనా దీన్ని నిజంగా కొట్టడానికి వస్తే ఏమవుతుంది అత్తయ్యగారూ?

ఒక మంచి మాట. వచ్చే ఆదివారం మా సంఘంలో కృతజ్ఞతా కూడిక. సలోమి తనకి జరిగింది అందరి ముందూ సాక్ష్యంగా చెబితే పిల్ల ధైర్యం పుంజుకుంటుందని పాస్టరు ఎబినేజర్ గారు అన్నారు. అడిగాను. ‘మీ ఇష్టమండి’ అంది. ఒప్పుకుంది అత్తయ్యగారూ! జూలైలో వచ్చిన పిల్లేనా అనిపించింది. తెల్లగౌను కుట్టించాను. ప్రార్థనలో తలుచుకోండి.

క్రిస్టీనా

అమలాపురం,
సెప్టెంబరు 24.

క్రిస్టీనా,

నీ ఉత్తరం నిన్న అందింది. అప్పటికే నీ సలోమిని చూశాను. ఇక్కడ వంటచేసే అమ్మాయి మీ కూడిక వీడియో ఫోనులో పెట్టి ముసలివాళ్ళందరికీ చూపిస్తోంది. వాళ్ళంతా ముక్కులు చీదారు. నాకు మాట వినబడదు గనక ఆ పిల్లని చూస్తూ కూర్చున్నాను.

ఏం చూశానో రాస్తాను విను. మైకు పట్టుకున్న చెయ్యి కదల్లేదు. మొహంలో ఏమీ లేదు. రెండో చెయ్యి మాత్రం వెనక్కి పోయి గౌను అంచు పట్టుకుంది. వీపు అప్పజెప్పేటప్పుడు అలాగే పట్టుకుంటుందని నువ్వే గదే రాశావు? నువ్వు మొదటి వరసలో కూర్చుని కళ్ళొత్తుకుంటున్నావు. తల్లి తల పగిలిందని చెప్పిన చోట అనుకుంటాను, మీ సంఘమంతా చేతులెత్తింది. వాడు పైపుతో కొట్టాడు, మీరు చప్పట్లతో కొట్టారు. ఆ పిల్ల రెంటికీ ఒకేలా నిలబడింది.

‘మీ ఇష్టమండి’ అంటే ఒప్పుకున్నట్టా? మన కోనసీమలో అది మర్యాద. పెళ్ళిసంబంధం దగ్గర్నుంచి కూరగిన్నె దాకా ఆ మాట మీదే నడిపేస్తాం, నిజమే. ఆ పిల్ల నోట్లో అది మర్యాద కాదు. గిన్నె పట్టుకుని నిలబడటమూ అదే మాట. కాకరకాయకి చెల్లిన వద్దు, మైకు దగ్గర చెల్లుతుందో లేదో దానికి నువ్వు చెప్పలేదు. నువ్వు అడిగావు, అది భయపడింది, నువ్వు సంతోషపడ్డావు.

ఇంకొకటి. వెనక గుడ్డ మీద మీ సంఘం పేరు, ఊరు పేరు ఇంత లావు అక్షరాలతో ఉన్నాయి. ఫోనున్న ప్రతివాడూ చూస్తాడు. ఆ వీడియో తీసేయించు. ఈ ఉత్తరం చదివిన వెంటనే.

సూరమ్మ

కొత్తపేట,
అక్టోబరు 3.

అత్తయ్యగారికి,

మీ ఉత్తరం అందింది. మీరు పెద్దవారు, ఏమన్నా పడతాను. అయినా ఆ రోజు కూడికలో ఉండి ఉంటే మీరిలా రాసేవారు కాదు. ఎందరో తల్లులు వచ్చి పిల్లని గుండెలకి హత్తుకున్నారు. సాక్ష్యం చెప్పడం మన ఇళ్ళలో కొత్తా? మా నాన్న తాగుడు మానిన సాక్ష్యం మీరే చెప్పించారు.

వీడియో సంగతి ఎబినేజర్ గారితో అన్నాను. దాన్ని చూసి ఎందరో మారుతున్నారని ఆయన అన్నారు. వీర్రాజు జైల్లో ఉన్నాడు, భయపడవలసింది లేదు.

పిల్లలు బాగున్నారు.

క్రిస్టీనా

అమలాపురం,
అక్టోబరు 9.

క్రిస్టీనా,

జూలైలో గరిటె జారితే అరపేజీ రాశావు. ఇప్పుడు ఇద్దరు పిల్లలకీ కలిపి రెండు మాటలు. అబద్ధమాడటం నీకు చిన్నప్పుడూ చేతకాలేదు.

మీ నాన్న సాక్ష్యం మీ నాన్న అడిగి చెప్పుకున్నాడు. నేను వద్దంటే నా మీద అలిగాడు కూడా. అదీ తేడా.

వాడు జైల్లో ఉన్నాడని ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు? కనుక్కో. పిల్లని కూర్చోబెట్టి, తప్పు చేశానమ్మా అని చెప్పు. కోపంతోనే రాస్తున్నాను, నీ మీద ప్రేమ లేక కాదు.

సూరమ్మ

కొత్తపేట,
అక్టోబరు 28.

ప్రియమైన అత్తయ్యగారికి,

ఈ దస్తూరి నాది కాదు. నా కుడిచెయ్యి కట్టులో ఉంది. నేను చెబుతుంటే సలోమి రాస్తోంది. శ్యామ్ బాబుగారిని రాయమన్నాను గానీ, రెండు ముక్కలు రాసి ఆయన లేచి వెళ్ళిపోతున్నారు.

మీరు అన్నదంతా నిజం. కూడిక అయిన రోజు నుంచి సలోమి ఒక్క వద్దు కూడా అనలేదు. మంచం కింద పడుకోవడం మొదలుపెట్టింది. మీకు రాయడానికి నాకు మొహం చెల్లలేదు. మీ మూడో ఉత్తరం వచ్చాక దాన్ని కూర్చోబెట్టి, తప్పు చేశాను, క్షమిస్తావా అని అడిగాను. ‘మీ ఇష్టమండి’ అంది.

వీర్రాజుకి బెయిలు వచ్చిందని మాకెవరూ చెప్పలేదు. ఆ వీడియో చూసి వచ్చాడు. శనివారం పొద్దున్న నేను దొడ్లో రోటి దగ్గర ఎండుమిరపకాయలు దంచుతున్నాను. శ్యామ్ బాబుగారు సెలవైనా పనుండి బడికెళ్ళారు. పిల్లలు వసారాలో ఉన్నారు. గేటు తోసుకుని, బొండాలు నరికే కత్తితో వచ్చాడు. ‘నా కూతురి చేత మైకులో నన్ను కడిగించేవంటే?’ అన్నాడు. ఆ కేక ఇంకా వినబడుతోంది. నేను చెయ్యి అడ్డం పెట్టాను. కత్తి మణికట్టు ఎముక దాకా దిగింది. రెండో దెబ్బ కత్తి వెనకవైపుతో మూతి మీద కొట్టాడు. ముందు పళ్ళు రెండు నా అరచేతిలోకి ఊడొచ్చాయి. కడుపులో తన్నాడు. పడిపోయాను.

‘సలోమీ, ఇలా రా’ అని పిలిచాడు. లోపలికి పోయి గడియ పెట్టుకోమని అరుద్దామంటే నోట్లోంచి రక్తం తప్ప మాట రాలేదు. సలోమి వసారా మెట్లు దిగి నడిచి వచ్చింది. వాడి కాళ్ళ ముందు బోర్లా పడుకుంది. ఇన్ని నెలలు నేను నేర్పింది ఇదేనా దేవా అనుకున్నాను. తర్వాత నాకు స్పృహ తప్పింది.

ఇక్కడనుంచి అమ్మగారికి తెలీదండి. నేను రాస్తానండి. తప్పులుంటే ఏమనుకోకండి.

నాన్న నా పక్కలో తన్నేడండి. నాకది అలవాటేనండి. ఎప్పటికో అప్పటికి ఆపేస్తాడని పడుకుంటానండి. తర్వాత రూతుని జుట్టు పట్టుకుని మెట్ల మీంచి ఈడ్చేడండి. రూతు ‘వద్దు’ అందండి. ఈ ఇంట్లో వద్దంటే ఆగుతారు గదండీ, నాన్న కూడా ఆగుతాడనుకుందండి. ఆగలేదండి. అప్పుడది నా వైపు చూసిందండి. ఏడవలేదండి. ఎందుకాగట్లేదక్కా అన్నట్టు చూసిందండి. మళ్ళీ గట్టిగా ‘వద్దన్నానా!’ అందండి. నాన్న దాని నోటి మీద గుద్దేడండి.

నేనెప్పుడు లేచేనో నాకు తెలీదండి. రోటి దగ్గర రోకలి తీసుకున్నానండి. కత్తి ఉన్న చెయ్యి మీద కొట్టేనండి. ఎముక విరిగిన చప్పుడు వినబడిందండి. కత్తి పడిపోయిందండి. నాన్న ‘నన్నే కొడతావంటే’ అని మీదికొచ్చేడండి. మోకాలు మీద కొట్టేనండి. పడిపోయేడండి. వద్దే, వద్దే సలోమీ అన్నాడండి. నాన్న ఆ మాట అనడం నేనెప్పుడూ వినలేదండి. అయినా కొట్టేనండి. మా అమ్మ కూడా వద్దందండి ఆ రోజు. బుజ్జిబాబు మావయ్యగారు గోడ దూకి వచ్చి రోకలి లాక్కునేదాకా కొడుతూనే ఉన్నానండి.

నాన్న చావలేదండి. కాకినాడ ఆసుపత్రిలో పోలీసుల కాపలాలో ఉన్నాడండి. కాలు తీసేస్తారో ఏమో తెలీదటండి. రూతు మూతి వాచింది గానీ గంజి తాగుతోందండి. పాస్టరుగారు వచ్చి వీడియో తీసేయించేనని చెప్పి ఏడ్చేరండి.

ఇప్పుడు మళ్ళీ అమ్మగారు చెబుతున్నారండి, రాస్తున్నానండి.

అత్తయ్యగారూ, వీర్రాజుని రోకలితో కొట్టింది నేనేనని పోలీసులకి చెప్పాను. ఎవరడిగినా మీరూ అదే చెప్పండి. పడిపోయినవాడిని కూడా పిల్ల కొట్టిందని తెలిస్తే కేసవుతుందో, కమిటీ వాళ్ళు దాన్ని ఎక్కడికైనా పంపేస్తారో నాకు తెలియదు. రూతునీ దాన్నీ విడదీస్తారేమోనని భయంగా ఉంది. బుజ్జిబాబు గారూ ఒప్పుకున్నారు. పిల్ల భయంతో ఒక మూల కూర్చుందని

ఇక రాయనండి. ఇది అబద్ధమండి. అమ్మగారు కింద పడున్నారండి, ఆవిడ ఎలా కొడతారండి? నేను మూల కూర్చోలేదండి. అమ్మ చచ్చిపోయినప్పుడు కూర్చున్నానండి. ఈసారి కూర్చోలేదండి.

అమ్మగారు ఈ కాయితం చింపేసి మళ్ళీ రాయమన్నారండి. వద్దన్నానండి. నీ మంచి కోసమేనమ్మా అన్నారండి. అయినా వద్దన్నానండి. నిన్ను తీసుకుపోతే నేనేమైపోను అని ఏడుస్తున్నారండి. నాకూ వెళ్ళాలని లేదండి. నాకు ఈ ఇల్లు ఇష్టమండి, అమ్మగారంటే ఇష్టమండి. రేపు ఎస్సై అమ్మగారు వస్తారటండి. నేనే కొట్టేనని చెప్తానండి. కింద పడ్డాక కూడా కొట్టేనని చెప్తానండి.

ఇది మీకు చదివి వినిపించడానికి లేదు గదండీ, అందుకని అమ్మగారికి పైనుంచి మొత్తం చదివి వినిపించేనండి. ఏమీ మార్చనన్నానండి.  అమ్మగారు కలం ఇమ్మని, ఎడం చేత్తో సంతకం పెట్టేరండి. సరిగ్గా రాలేదండి.

సలోమి

క్రిస్టీనా